హాట్ ట్యూనా: కాఫీ హౌస్ గిటార్ నుంచి చెవులు హోరెత్తించిన బ్లూస్ రాక్ దాకా - తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు హాట్ ట్యూనా ఎవరు?

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి 1969లో బయటికొచ్చిన బ్యాండ్. బ్యాండ్ అంటున్నాం గానీ మొదటి నుంచీ నిలబడింది ఇద్దరే: గిటార్ వాయిస్తూ పాడే యోర్మా కౌకొనెన్, బేస్ గిటార్ వాయించే జాక్ క్యాసడీ. డ్రమ్మర్లు మారారు, మౌతార్గాన్ వచ్చి వెళ్ళింది, ఫిడేలు వచ్చి వెళ్ళింది, చాలా ఏళ్ళకి మాండొలిన్ కూడా వచ్చింది, వీళ్ళిద్దరూ మాత్రం కదల్లేదు.

మొదటి ఆల్బమ్ వింటే ఏదో చిన్న క్లబ్బులో ఇద్దరు కూర్చుని పాత బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ బాణీ) పాటలు తీరిగ్గా వాయించుకుంటున్నట్టు ఉంటుంది. ఐదేళ్ళ తర్వాత వచ్చిన ఆల్బమ్ పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి. ఈ రెండూ ఒకే బ్యాండువా అని కొత్తగా వినేవాళ్ళందరూ అడుగుతారు. అవును, ఒకే బ్యాండువి. "ఎకూస్టిక్ వదిలేసి ఎలక్ట్రిక్‌కి మారిపోయారు" అని, అంటే కరెంటు లేని గిటార్ వదిలేసి కరెంటు గిటార్ పట్టుకున్నారని, కొందరు అంటారు గానీ నేను ఒప్పుకోను. యోర్మా కుడిచెయ్యి 1969లో చేసిన పనే 1975లోనూ చేసింది, దాని వెనక ఆంప్ (గిటార్ చప్పుడు పెంచే పెట్టె) పెద్దదయింది, పక్కన డ్రమ్స్ వచ్చాయి. కింద జవాబుల్లో ఎక్కువ భాగం ఇది చెప్పడానికే.

ఇద్దరూ ఎక్కడ కలిశారు? శాన్ ఫ్రాన్సిస్కోలోనా?

కాదు, వాషింగ్టన్ డీసీలో, కుర్రాళ్ళుగా ఉన్నప్పుడే. యోర్మా 1940లో పుట్టాడు, జాక్ 1944లో, ఇద్దరూ ఆ ఊరివాళ్ళే. యోర్మా తండ్రిది విదేశాల్లో తిరిగే ప్రభుత్వ ఉద్యోగం కావడంతో పిల్లవాడి చదువులో కొన్నేళ్ళు పాకిస్తాన్‌లో, కొన్నేళ్ళు ఫిలిప్పీన్స్‌లో గడిచాయి. 1950ల చివర్లో డీసీలో ఇద్దరూ కలిసి ట్రయంఫ్స్ అని ఒక చిన్న బ్యాండు నడిపారు. అందులో జాక్‌ది లీడ్ గిటార్, యోర్మాది వెనక వాయించే రిథమ్ గిటార్! జాక్ తర్వాత బేస్‌కి మారాడు. అతని బేస్ ఎందుకు అలా పాట పాడుతున్నట్టు ఉంటుందో అర్థం కావాలంటే అతను ముందు లీడ్ గిటారిస్టు అన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

యోర్మా ఆ ఎకూస్టిక్ బ్లూస్ ఎక్కడ నేర్చుకున్నాడు?

ఒహాయోలో ఆంటియాక్ కాలేజీలో చేరినప్పుడు ఇయన్ బుకానన్ అనే గిటారిస్టు పరిచయమయ్యాడు. రెవరెండ్ గ్యారీ డేవిస్ పాటలు, ఆ వాయించే పద్ధతి యోర్మాకి చూపించింది బుకాననే.

ఈ గ్యారీ డేవిస్ గురించి తెలియకపోతే హాట్ ట్యూనా సగమే అర్థమవుతుంది. 1896లో సౌత్ కరోలైనాలో పుట్టాడు, చూపు లేదు, తర్వాత మతబోధకుడయ్యాడు, న్యూయార్క్ హార్లెమ్ వీధుల్లో ఏళ్ళ తరబడి నిలబడి పాడుతూ బతికాడు, ఇంటికొచ్చిన కుర్రాళ్ళకి గిటార్ నేర్పాడు. ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండిటితోనే వాయించేవాడు. రికార్డు వింటే మాత్రం ఇద్దరో ముగ్గురో ఉన్నారనిపిస్తుంది. హాట్ ట్యూనా మొదటి ఆల్బమ్‌లోని హెజిటేషన్ బ్లూస్, డెత్ డోంట్ హావ్ నో మెర్సీ ఆయన దగ్గర్నుంచి వచ్చినవే, రెండో ఆల్బమ్‌లోని క్యాండీ మ్యాన్ కూడా అంతే.

1962లో యోర్మా కాలిఫోర్నియా వచ్చి శాంటా క్లారా యూనివర్సిటీలో చేరాడు. ఇప్పుడు మన తెలుగువాళ్ళు వేలమంది ఉంటున్న ఆ శాంటా క్లారా, శాన్ హోసే చుట్టుపక్కల అప్పట్లో కాఫీ హౌస్‌లు ఉండేవి, కుర్రాళ్ళు ఒక్క గిటార్ పట్టుకుని పాడుకునేవాళ్ళు. ఇంకా ఎవరికీ తెలియని గాయని జానిస్ జాప్లిన్‌తో 1964లో యోర్మా తన ఇంట్లో టేపు మీద కొన్ని బ్లూస్ పాటలు రికార్డు చేశాడు. ఆయన అప్పటి భార్య అదే గదిలో టైప్ చేసుకుంటోంది, ఆ టకటకలు టేపులో పడ్డాయి. అందుకే దాన్ని టైప్‌రైటర్ టేప్ అంటారు. వెతికి వినండి. ఆమె అంత గొంతు ఎత్తి పాడుతుంటే ఆ ఒక్క గిటార్ ఎంత నిబ్బరంగా నిలబడుతుందో చూడండి.

ఈ ఫింగర్‌పికింగ్‌లో అంత విశేషం ఏముంది?

ఫింగర్‌పికింగ్ అంటే వేళ్ళతో తీగలు మీటడం. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే తర్వాత వచ్చిన రాక్ హోరంతా ఇందులోంచే పుట్టింది.

గిటార్‌కి ఆరు తీగలు. కింద గంభీరంగా మోగే లావు తీగలు మూడూ బొటనవేలి పని. అది ఒక తీగ మీద ఒకసారి, ఇంకో తీగ మీద ఒకసారి, మార్చి మార్చి తాళానికి సరిగ్గా మీటుతూ పోతుంది, ఎక్కడా ఆగదు. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట పలికిస్తాయి, అదీ తాళం మీద పడకుండా, రెండు దెబ్బల మధ్య సందుల్లో దూరి. అంటే ఒక్క చేతిలోనే తాళం వేసేవాడు, పాడేవాడు ఇద్దరూ ఉన్నారు. మన బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ, వేళ్ళకున్న అందెలతో తాళం తనే వేసుకుంటూ, కథ చెప్పుకుపోతాడు చూశారా, అలాంటి నేర్పే ఇది.

యోర్మా బొటనవేలికి ప్లాస్టిక్ పిక్కు (తీగ మీటడానికి వాడే గోరులాంటి ముక్క), మిగతా రెండు వేళ్ళకి లోహపు పిక్కులు తొడుక్కుంటాడు. ఎకూస్టిక్ గిటార్ మీద అలా వాయించేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాక్ గిటారిస్టులు మాత్రం చేతిలో ఒకే చదును పిక్కు పట్టుకుంటారు. యోర్మా ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నప్పుడు కూడా వేళ్ళ పిక్కులు తియ్యలేదు. ఆయన ఎలక్ట్రిక్ సోలోలు ఇంకెవరిలాగా వినపడకపోవడానికి పెద్ద కారణం అదే. ఒక్కో నోటుకి ఒక గీరుడు, ఒక కొరుకుడు ఉంటుంది, కింద బొటనవేలి నడక వదలకుండా ఉంటుంది.

జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అంత పెద్ద బ్యాండులో ఉండగా వేరే బ్యాండు ఎందుకు?

యోర్మా, జాక్ ఇద్దరూ అప్పటికే జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే రాక్ బ్యాండులో ఉన్నారు, యోర్మా అందులోకి ఎలా వచ్చాడో ముందు చెప్పాలి. 1965లో మార్టీ బాలిన్, పాల్ కాంట్నర్ కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యాండు పెడుతూ పాత పరిచయం కొద్దీ యోర్మాని పిలిచారు. తను అసలైన బ్లూస్ తప్ప ఇంకోటి ముట్టని మనిషినని యోర్మా అనుకునేవాడు, రాక్ బ్యాండా అని మొదట వెనకాడాడు. ఎలక్ట్రిక్ గిటార్‌కి తగిలించే రకరకాల పరికరాలు, ఆ ప్రతిధ్వనులు చూశాక మనసు లాగేసింది. ఆ ఏడాది చివర్లో డీసీ నుంచి జాక్‌ని రప్పించాడు. బ్యాండు పేరు వెనకా బ్లూసే ఉంది, బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే పాత బ్లూస్ గాయకుడి పేరు మీద స్నేహితుడొకరు యోర్మాకి పెట్టిన సరదా పేరులోంచి అది వచ్చింది.

1967కల్లా ఎయిర్‌ప్లేన్ దేశమంతా మోగిపోయింది. సరియలిస్టిక్ పిల్లో ఆల్బమ్‌లో ఆ హిట్ పాటల మధ్య ఎంబ్రియానిక్ జర్నీ అని రెండు నిమిషాలు కూడా లేని గిటార్ ముక్క ఒకటుంది, యోర్మా ఒక్కడే, ఎకూస్టిక్. అంత ఊపులో కూడా ఆయన అది వదలలేదన్నమాట.

1969 మొదట్లో గాయని గ్రేస్ స్లిక్‌కి గొంతు ఆపరేషన్ జరిగింది, ఎయిర్‌ప్లేన్ టూర్లు ఆగాయి. ఖాళీగా కూర్చోలేక యోర్మా, జాక్ ఇద్దరే క్లబ్బుల్లో వాయించడం మొదలుపెట్టారు. ఎయిర్‌ప్లేన్‌లో పాటలు రాసేవాళ్ళు, పాడేవాళ్ళు నలుగురైదుగురు, ఎవరి దారి వాళ్ళది. ఇక్కడ మాత్రం ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పాటలు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. ఎయిర్‌ప్లేన్ మీద కోపంతో పెట్టిన బ్యాండు కాదు ఇది, తర్వాత మూడేళ్ళూ రెండిట్లోనూ వాయించారు.

ఆ పేరేంటి?

కీప్ ఆన్ ట్రకిన్ అనే పాత బ్లూస్ పాటలో చేప వాసన మాట ఒకటి వస్తుంది. అది విని చమత్కారి ఒకడు "హాట్ ట్యూనా" అని కేక వేశాడు, అదే పేరయింది.

మొదటి ఆల్బమ్‌ని "గ్లాసు పగిలిన ఆల్బమ్" అని ఎందుకంటారు?

ఎందుకంటే నిజంగానే అందులో గ్లాసు పగులుతుంది. 1969 సెప్టెంబర్‌లో బర్క్లీలోని న్యూ ఆర్లీన్స్ హౌస్ అనే క్లబ్బులో లైవ్‌గా రికార్డు చేశారు, 1970లో విడుదలైంది. జనం మాటలు, గ్లాసుల చప్పుళ్ళు, అన్నీ అలాగే ఉంచేశారు. యోర్మా గిబ్సన్ జే-50 ఎకూస్టిక్ వాయిస్తాడు, విల్ స్కార్లెట్ మౌతార్గాన్. డ్రమ్స్ లేవు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ "ఎకూస్టిక్" ఆల్బమ్‌లో జాక్ వాయించింది ఎలక్ట్రిక్ బేసే! మెల్లగా, గుండ్రంగా వాయిస్తాడు కాబట్టి చెవికి తగలదు. అంటే ఎలక్ట్రిక్ బీజం మొదటి రోజే పడింది.

ఇంకోటి. ఈ రికార్డింగ్‌కి ముందు నెలలోనే, 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఎయిర్‌ప్లేన్ ఆదివారం పొద్దున్నే వేదికెక్కింది. అక్కడ యోర్మా పాడిన అంకుల్ శామ్ బ్లూస్ పూర్తి ఎలక్ట్రిక్, మైదానమంతా మోగేలా. అదే పాట మరుసటి నెల బర్క్లీ క్లబ్బులో ఎకూస్టిక్ గిటార్ మీద. సైన్యంలోకి పిలుపు వచ్చినవాడి పాట అది, వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. రెండూ వెనక వెనకే పెట్టుకుని వినండి, ఏది ముందు ఏది తర్వాత అని తేల్చలేరు. మెల్లగా మొదలై గట్టిగా మారిన బ్యాండు అని మనం కథ చెప్పుకుంటాం గానీ, వాళ్ళ చేతుల్లో రెండూ మొదట్నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

మరి ఎలక్ట్రిక్ ఎప్పుడు మొదలైంది?

రికార్డు మీద అయితే రెండో ఆల్బమ్‌తో: ఫస్ట్ పుల్ అప్, దెన్ పుల్ డౌన్, 1971. ఇదీ లైవే. శాంటా క్రూజ్ కొండల్లో షాటో లిబర్టే అని ఒక బార్ ఉండేది, మోటార్‌సైకిల్ ముఠాలు చేరే చోటు. శాన్ హోసే నుంచి హైవే 17 మీద శాంటా క్రూజ్ బీచ్‌కి వెళ్ళే మనవాళ్ళు ఆ కొండలు దాటే ఉంటారు. అక్కడ రికార్డు చేశారు. శామీ పియాజా డ్రమ్స్, స్కార్లెట్ మౌతార్గాన్, పాపా జాన్ క్రీచ్ ఫిడేలు.

పాటలు చూస్తే మళ్ళీ గ్యారీ డేవిస్ క్యాండీ మ్యాన్, మళ్ళీ పాత భక్తి గీతం, మళ్ళీ పాత బ్లూస్. పాటల మూట మారలేదు. కమ్ బ్యాక్ బేబీ వినండి, అందులో ఎలక్ట్రిక్ హాట్ ట్యూనా మొత్తం కనపడుతుంది: గిటార్ నిలదీస్తుంది, బేస్ ఎదురు చెబుతుంది, పాడే భాగం అయిపోయాక కూడా ఇద్దరూ వదలరు.

పాపా జాన్ క్రీచ్ ఎవరు? ఆ కుర్రాళ్ళ మధ్య ఆ పెద్దాయన ఏంటి?

1917లో పెన్సిల్వేనియాలో పుట్టిన నల్లజాతి ఫిడేలు విద్వాంసుడు. చికాగోలో, తర్వాత లాస్ ఏంజిలిస్‌లో జాజ్, బ్లూస్, హోటల్ లాంజ్ పాటలు, ఏది దొరికితే అది వాయించి బతికాడు. ఎయిర్‌ప్లేన్ డ్రమ్మర్ జోయీ కవింగ్టన్‌కి లాస్ ఏంజిలిస్‌లో సంగీతకారుల యూనియన్ హాలులో పరిచయమయ్యాడు. 1970లో ఎయిర్‌ప్లేన్‌లోకి, హాట్ ట్యూనాలోకి తీసుకొచ్చింది కవింగ్టనే. అప్పటికి ఆయనకి యాభై దాటాయి, మిగతావాళ్ళు ముప్ఫై అటూ ఇటూ.

ఆయన వచ్చింది అలంకారానికి కాదు. ఎకూస్టిక్ పాటలు ఎలక్ట్రిక్‌లోకి దాటడానికి ఆయనే వంతెన అని నా నమ్మకం. ఫిడేలు గొంతు మనిషి గొంతుకి దగ్గర, ఎంత గట్టిగా ఉన్నా కర్కశంగా ఉండదు, దాని పక్కన యోర్మా ఆంప్ పెంచినా పాట చెడలేదు. ఆయన వెళ్ళిపోయాక ఆ మెత్తదనం పోయింది, మిగిలిన ఖాళీ అంతా గిటార్ ఆక్రమించింది. ఆయన 1974లో జెఫర్సన్ స్టార్‌షిప్‌లో చేరాడు, 1994లో చనిపోయాడు.

ఎయిర్‌ప్లేన్ ఎప్పుడు ఆగిపోయింది?

1972 సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్ హాలులో ఆడిన షోలే ఆ దశలో ఆఖరివి. ఎవరూ ప్రకటన చెయ్యలేదు, అలా ఆగిపోయింది. యోర్మాకీ జాక్‌కీ అప్పుడు ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్ పిచ్చి పట్టుకుంది, దాని కోసం యూరప్ వెళ్ళారు కూడా. కాంట్నర్, గ్రేస్ స్లిక్ 1974లో జెఫర్సన్ స్టార్‌షిప్ పెట్టుకున్నారు, వీళ్ళకి హాట్ ట్యూనా మిగిలింది.

బర్గర్స్ ఆల్బమ్‌ని అందరూ ఎందుకంత మెచ్చుకుంటారు?

1972లో వచ్చిన బర్గర్స్ వాళ్ళ మొదటి స్టూడియో ఆల్బమ్. ఎకూస్టిక్, ఎలక్ట్రిక్, రెండూ ఒకే తూకంలో ఉన్న ఆల్బమ్ ఇదొక్కటే. వాటర్ సాంగ్‌లో మాటలు లేవు. యోర్మా గిటార్ పారుతూ ఉంటే జాక్ బేస్ అడుగున కాకుండా పక్కనే కలిసి పారుతుంది. హైవే సాంగ్‌లో డేవిడ్ క్రాస్బీ గొంతు కలిపాడు. కొత్తవాళ్ళెవరైనా నన్ను అడిగితే ముందు ఇదే చేతిలో పెడతాను. దీని తర్వాతి ఫాస్ఫరెసెంట్ ర్యాట్‌కి పాపా జాన్ లేడు, యోర్మా సొంత పాటలు పెరిగాయి. మంచి ఆల్బమే గానీ అందులో బ్యాండు ఇంకా దారి వెతుక్కుంటున్నట్టు ఉంటుంది.

సరే, ఆ చెవులు చిల్లులు పడే హాట్ ట్యూనా ఎప్పుడొచ్చింది?

1974లో. శామీ పియాజా వెళ్ళి బాబ్ స్టీలర్ అనే డ్రమ్మర్ వచ్చాడు. ఫిడేలు లేదు, మౌతార్గాన్ లేదు. గిటార్, బేస్, డ్రమ్స్, ముగ్గురే. 1974 నుంచి 1977 దాకా నడిచిన ఈ కాలాన్ని అభిమానులు రాంపేజ్ ఏళ్ళు అంటారు. మూడు స్టూడియో ఆల్బమ్‌లు వరసగా వచ్చాయి: 1975లో అమెరికాస్ చాయిస్, అదే ఏడాది ఎల్లో ఫీవర్, 1976లో హాప్‌కోర్వ్. అమెరికాస్ చాయిస్ అట్ట బట్టల సబ్బు పొడి డబ్బాలా ఉంటుంది, వాల్యూమ్ పూర్తిగా పెంచి వినమని దాని మీదే సూచన.

షోలు కొన్నిసార్లు ఐదారు గంటలు కూడా నడిచేవి. ఒక్క బ్యాండే. టికెట్ కొన్నవాడు అర్ధరాత్రి దాటాక గానీ ఇంటికి చేరేవాడు కాదు, ముఖ్యంగా న్యూయార్క్‌లో వాళ్ళకి ప్రాణమిచ్చే జనం ఉండేవాళ్ళు. పాట ఒకటి ఎత్తుకుంటే పదిహేను, ఇరవై నిమిషాలు. యోర్మా వావా పెడల్ (గిటార్ గొంతు మార్చే కాలి పరికరం) తొక్కుతూ గిటార్‌ని మూలిగిస్తాడు, అరిపిస్తాడు, స్టీలర్ వదలకుండా బాదుతాడు, జాక్ బేస్ ఛాతీలో తగులుతుంది.

ఇంత హోరులో నేను చెప్పే ఆ బొటనవేలు ఎక్కడుందని అడుగుతారేమో. అమెరికాస్ చాయిస్‌లో పాత బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాట వాకింగ్ బ్లూస్ ఉంది, అది పెట్టండి. సోలో మీద ధ్యాస పెట్టకండి. యోర్మా పాడుతున్నప్పుడు గిటార్ అడుగు తీగల మీద ఏం జరుగుతోందో వినండి. అదే నడక, అదే మార్చి మార్చి మీటడం. ఎకూస్టిక్‌లో బొటనవేలు ఒంటరిగా మోసిన బరువుని ఇక్కడ జాక్, స్టీలర్ పంచుకున్నారు, దాంతో పై రెండు వేళ్ళకి రెక్కలొచ్చాయి. ముగ్గురే ఉండి అంత నిండుగా వినపడటానికి కారణం ఇది. చదును పిక్కుతో వాయించే గిటారిస్టు సోలో ఎత్తుకోగానే కింద ఖాళీ అయిపోతుంది, ఇక్కడ అవదు.

అంత సౌండ్ అవసరమా? ఎకూస్టిక్ వినేవాళ్ళకి అది గోల కాదా?

కొందరికి గోలే. మొదటి ఆల్బమ్ ఒక్కటే వినేవాళ్ళు ఉన్నారు, రాంపేజ్ ఏళ్ళు తప్ప ఇంకేం వద్దనేవాళ్ళు ఉన్నారు, ఇద్దరూ ఒక చోట చేరితే వాదన తెగదు.

నా మట్టుకు నాకు ఆ సౌండ్ అవసరమే అనిపిస్తుంది. డెత్ డోంట్ హావ్ నో మెర్సీ మృత్యువు గురించిన పాట, గ్యారీ డేవిస్ అది పాడితే గొంతు చించుకుని పాడేవాడు. వీధిలో నిలబడి, కార్ల రొదలో, మైకు లేకుండా జనానికి వినిపించాల్సిన మనిషి ఆయన. ఆ పాటలు పుట్టుకతోనే గట్టి పాటలు. కాఫీ హౌస్‌ల్లో కుర్రాళ్ళు పాడేటప్పుడే అవి మెత్తబడ్డాయి, డ్రాయింగ్ రూమ్ మర్యాద నేర్చుకున్నాయి. ఆంప్ పెంచి యోర్మా వాటి పాత కేకని వాటికి తిరిగిచ్చాడు.

అయితే అన్నీ బాగున్నాయని చెప్పను. హాప్‌కోర్వ్‌లో బడ్డీ హాలీ, చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ పాటలు బిగించి, పొట్టిగా చేసి, రేడియోకి తగ్గట్టు తయారుచేశారు. వినడానికి హుషారుగానే ఉంటుంది. వాళ్ళ బలం మాత్రం పాటని సాగదీసి వాయించడంలో ఉంది, అది అందులో కనపడదు.

జాక్ క్యాసడీ బేస్ గురించి గిటార్ వాళ్ళందరూ ఎందుకంత చెబుతారు?

మామూలుగా బేస్ అంటే డ్రమ్స్‌కి తోడు, కింద పునాది. జాక్ పునాది వేస్తూనే పైకి లేచి గిటార్‌తో మాట్లాడతాడు. 1968లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఎలక్ట్రిక్ లేడీల్యాండ్ ఆల్బమ్‌లోని పదిహేను నిమిషాల వూడూ చైల్‌లో బేస్ ఎవరిదనుకున్నారు? జాక్‌దే. ఆలెంబిక్ కంపెనీ తయారుచేసిన మొట్టమొదటి వాయిద్యం కూడా అతని కోసం చేసిన బేసే. ఎపిఫోన్ కంపెనీ అతని పేరు మీద అమ్మే బేస్ ఇప్పటికీ దొరుకుతుంది.

యోర్మా పక్కన ఇంకెవరైనా ఉంటే ఈ బ్యాండు ఇలా పెరిగేది కాదు. బొటనవేలు అప్పటికే బేస్ లైను వాయిస్తోంది కదా, మామూలు బేస్ ప్లేయర్ వచ్చి అదే మళ్ళీ వాయిస్తే బురద అవుతుంది. జాక్ ఆ లైనుని తప్పుకుంటూ, సందుల్లోంచి తన లైను నడుపుతాడు.

నల్లవాళ్ళ పాటలు తీసుకుని తెల్లవాళ్ళు పేరు తెచ్చుకున్నారు కదా, దీని సంగతేంటి?

అడగాల్సిన ప్రశ్నే. అరవైల రాక్‌లో బ్లూస్ పాటలు ఎత్తుకుని అసలు రాసినవాళ్ళ పేరు మింగేసిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. యోర్మా గ్యారీ డేవిస్ పేరు యాభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, ఆయన పాటలు ఆయనవే అని చెప్పి నేర్పుతున్నాడు కూడా. డేవిస్‌కి బతికుండగానే కొంత ఫలితం దక్కింది. 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ అనే జానపద గాయక బృందం ఆయన పాట ఒకటి రికార్డు చేశాక వచ్చిన డబ్బుతో న్యూయార్క్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. 1972లో చనిపోయాడు.

అయినా వీధిలో పాడినవాడికి వచ్చిందెంత, స్టేడియాల్లో పాడినవాళ్ళకి వచ్చిందెంత అని చూస్తే తేడా తేడానే. మనం చెయ్యగలిగింది ఒకటుంది: హాట్ ట్యూనా పాట నచ్చితే అక్కడితో ఆగకుండా గ్యారీ డేవిస్ సొంత గొంతు కూడా వినడం. లెరాయ్ కార్, జెల్లీ రోల్ మార్టన్ పాటలు కూడా ఆ మొదటి ఆల్బమ్‌లో ఉన్నాయి, వాళ్ళనీ వినండి.

వాళ్ళకి హిట్లు ఉన్నాయా?

టాప్ 40లో ఒక్క సింగిల్ కూడా లేదు. షోలకి వచ్చే జనంతోనే బతికిన బ్యాండు.

ఎందుకు ఆగిపోయారు? మళ్ళీ ఎప్పుడు కలిశారు?

1977 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో రికార్డు చేసిన డబుల్ డోస్ 1978లో వచ్చింది. రెండు రికార్డుల లైవ్ ఆల్బమ్. మొదటి వైపు మొత్తం యోర్మా ఒక్కడే, ఎకూస్టిక్, మొదటి ఆల్బమ్‌లోని వైనిన్ బాయ్ బ్లూస్ కూడా ఉంది. తర్వాతి మూడు వైపులా కరెంటే. వాళ్ళ ఎనిమిదేళ్ళ ప్రయాణం ఒక చోట వినాలంటే ఇంతకన్నా మంచి ఆల్బమ్ లేదు.

దాంతో మొదటి అధ్యాయం ముగిసింది. జాక్ న్యూ వేవ్ పాటలు వాయించే ఎస్‌వీటీ అనే బ్యాండులోకి వెళ్ళాడు, యోర్మా సోలోగా తిరిగాడు. 1983లో ఒకసారి కలిశారు, ఎనభైల మధ్య నుంచి మళ్ళీ స్థిరంగా కలిసి వాయించడం మొదలుపెట్టారు. 1990లో ఒక స్టూడియో ఆల్బమ్, ఆ తర్వాత ఇరవయ్యొక్క ఏళ్ళకి 2011లో స్టెడీ యాజ్ షీ గోస్. దాన్ని డ్రమ్మర్ లెవాన్ హెల్మ్ స్టూడియోలో ల్యారీ క్యాంప్‌బెల్ నిర్మాణంలో చేశారు. బ్యారీ మిటర్‌హాఫ్ మాండొలిన్ అందులో చాలా బాగుంటుంది.

ఇప్పుడు కూడా ఎలక్ట్రిక్ హాట్ ట్యూనా ఉందా?

2023లో ఆఖరి ఎలక్ట్రిక్ టూర్ చేశారు, డ్రమ్స్ మీద జస్టిన్ గైప్. అప్పటికి యోర్మాకి 82 ఏళ్ళు. ఎలక్ట్రిక్ ఆపుతున్నామన్నారు గానీ ఎకూస్టిక్ ఆపుతామనలేదు.

ఫర్ పీస్ రాంచ్ అంటే?

ఒహాయో రాష్ట్రంలో ఆగ్నేయాన కొండల మధ్య పోమరాయ్ ఊరి దగ్గర యోర్మా, ఆయన భార్య వనెస్సా 1998లో మొదలుపెట్టిన గిటార్ శిబిరం. వారాంతానికి వెళ్ళి, అక్కడే ఉండి, తిని, నేర్చుకునే పద్ధతి. జాక్ బేస్ నేర్పేవాడు. ఇంట్లో కుర్రాళ్ళకి డేవిస్ నేర్పినట్టే ఇక్కడ యోర్మా నేర్పాడు.

ఏ వరసలో వినాలి?

ముందు బర్గర్స్. నచ్చితే మొదటి ఆల్బమ్, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌లో. తర్వాత ఫస్ట్ పుల్ అప్, దెన్ పుల్ డౌన్. అప్పుడు అమెరికాస్ చాయిస్, ఎల్లో ఫీవర్, ఇవి మాత్రం స్పీకర్లలోనే పెట్టండి, పక్కింటివాళ్ళు ఊళ్ళో లేనప్పుడైతే మంచిది. ఆఖర్న డబుల్ డోస్. మధ్యలో యోర్మా 1974 సోలో ఆల్బమ్ క్వా మర్చిపోకండి. బయట అంత హోరు మొదలుపెడుతున్న ఏడాదే లోపల అంత మెత్తని ఆల్బమ్ చేశాడు, నిర్మాత ఎవరో కాదు, జాక్.

నేను గిటార్ నేర్చుకుంటున్నాను, వీళ్ళ పాట ఏదైనా ప్రయత్నించొచ్చా?

హెజిటేషన్ బ్లూస్‌తో మొదలుపెట్టండి. ఏ మైనర్, ఈ, సీ, ఎఫ్, జీ కార్డులు (కొన్ని స్వరాలు కలిపి మోగే పట్లు) వస్తే చాలు. మొదట్లో పాట జోలికి పోవద్దు. సీ కార్డు పట్టుకుని బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ, ఐదో తీగ, నాలుగో తీగ, ఇలా మీటుతూ ఉండండి, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) పెట్టుకుని, బాగా నెమ్మదిగా. అలా మీటుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలిగేదాకా అదే చెయ్యండి. అప్పుడు చూపుడువేలితో ఒకటో తీగ మీద ఒక నోటు, తాళంతో పాటు. తర్వాత అదే నోటు తాళానికి మధ్యలో. ఇక్కడే చెయ్యి మొరాయిస్తుంది, బొటనవేలు కూడా దానితో పాటు ఆగిపోతుంది. ఆగితే నోటు వదిలెయ్యండి, బొటనవేలుని వదలకండి. ఎకూస్టిక్ గిటార్ లేకపోతే ఎలక్ట్రిక్ మీదే నేర్చుకోవచ్చు, వేళ్ళ పని రెండిటి మీదా ఒకటే.